సైకిల్ ఫ్రేమ్‌ల వర్క్‌షాప్ పెడతారా? రుణం, రాయితీ, జీఎస్టీల్లో ఏది ముందు, ఏది తర్వాత

హిందూపురంలో ఒక వెల్డర్ ఉన్నాడనుకుందాం. గేట్లు, గ్రిల్స్ చేయడంలో చేయి తిరిగింది. సుమారు వంద కిలోమీటర్ల దూరంలో బెంగళూరు. తమ ఎత్తుకు, కాళ్ల పొడవుకు సరిపోయే సైకిల్ ఫ్రేమ్ కావాలనేవాళ్లు అక్కడ దొరుకుతారు. అద్దె తక్కువగా ఉండే చిన్న పట్టణంలో ఫ్రేమ్‌లు తయారుచేసి, పార్సిల్‌లో నగరాలకు పంపాలన్నది ఇతని ఆలోచన.

ఆలోచన బాగానే ఉంది. పథకాలు కూడా ఉన్నాయి. ఇబ్బందల్లా వరుసలోనే. ముందు షాపు తెరిచేసి, రిజిస్ట్రేషన్లన్నీ చేయించి, ఆ తర్వాత రాయితీ కోసం బ్యాంకుకు వెళ్తే 'మీది ఇప్పటికే నడుస్తున్న యూనిట్ కదా, కుదరదు' అనే జవాబు వస్తుంది. లక్షల్లో నష్టం ఇక్కడే మొదలవుతుంది.

గేటు వెల్డింగ్ వస్తే సరిపోతుందా?

సరిపోదు. మంచి ఫ్రేమ్‌లకు ఎక్కువగా వాడే ఉక్కు క్రోమోలీ 4130. ఇందులో బరువు తగ్గించడానికి 'బటెడ్' గొట్టాలు వాడతారు. అంటే అతుకు పడే చివర్లలో గోడ మందం 0.9 మిల్లీమీటర్లు, మధ్యలో 0.6 మిల్లీమీటర్లు ఉండే రకం. గేట్లకు వాడే మామూలు ఆర్క్ వెల్డింగ్‌తో దీన్ని ముట్టుకుంటే చిల్లు పడుతుంది. టిగ్ వెల్డింగ్ గానీ, గ్యాస్ మంటతో ఇత్తడి కరిగించి అతికించే బ్రేజింగ్ గానీ రావాలి. వేడికి ఉక్కు వంకర పోతుంది కాబట్టి గొట్టాలను బిగించి పట్టుకునే జిగ్ కూడా కావాలి. వెనక చక్రం రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా తొక్కేవాడికి తెలిసిపోతుంది.

నేర్చుకోవడానికి ప్రభుత్వ ఐటీఐల్లో ఏడాది వెల్డర్ కోర్సు ఉంది. ఎనిమిదో తరగతి పాసైతే చాలు. జిగ్ లాంటి కచ్చితమైన పనిముట్ల విషయంలో హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను అడగొచ్చు. 1968లో ఏర్పాటైన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థకు విజయవాడలోనూ శాఖ ఉంది. ఇది పెద్ద కంపెనీల కోసమే అనుకుని చాలామంది గేటు దాకా కూడా వెళ్లరు. నిజానికి అది చిన్న పరిశ్రమల శాఖ కింద ఉన్న టూల్ రూమ్.

రాయితీ ఎంత వస్తుంది?

ఇలాంటి యూనిట్‌కు బాగా సరిపోయేది పీఎంఈజీపీ. తయారీ రంగంలో రూ.50 లక్షల వరకు, సేవారంగంలో రూ.20 లక్షల వరకు ప్రాజెక్టులకు వర్తిస్తుంది. జనరల్ కేటగిరీ వాళ్లు 10 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు, దివ్యాంగులు, మాజీ సైనికులు 5 శాతం సొంత డబ్బు పెట్టుకోవాలి. మిగతాది బ్యాంకు సర్దుతుంది. అందులో కొంత ప్రభుత్వ రాయితీ.

ఆ రాయితీ శాతం మీ షెడ్డు ఎక్కడుందన్న దాన్ని బట్టి మారుతుంది. మున్సిపాలిటీ పరిధిలో జనరల్ వాళ్లకు 15 శాతం, పంచాయతీ పరిధిలో 25 శాతం. పైన చెప్పిన ప్రత్యేక వర్గాలకు 25, 35 శాతం. రూ.10 లక్షల ప్రాజెక్టు తీసుకుంటే, మున్సిపాలిటీ హద్దు దాటి పక్క పంచాయతీలో షెడ్డు అద్దెకు తీసుకున్నంత మాత్రాన లక్ష రూపాయల తేడా వస్తుంది. బయటి ఊళ్లకు పార్సిల్‌లో సరుకు పంపే వ్యాపారానికి మెయిన్ రోడ్డు మీద షాపు ఎందుకు? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ స్థలం ఏ పరిధిలోకి వస్తుందో కనుక్కోండి.

ఇంకొన్ని షరతులు చూసుకోవాలి. పథకం కొత్త యూనిట్లకు మాత్రమే. ఒక కుటుంబంలో ఒకరికే. భూమి ఖరీదు ప్రాజెక్టు వ్యయంలో కలపకూడదు, షెడ్డు అద్దె మాత్రం గరిష్ఠంగా మూడేళ్లది చూపించొచ్చు. తయారీలో రూ.10 లక్షలు దాటిన ప్రాజెక్టుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. రాయితీ సొమ్ము చేతికి రాదు. మూడేళ్లు మీ పేరిట బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాక అప్పులో సర్దుబాటు అవుతుంది. పథకానికి 2025-26 వరకు ఆమోదం ఉంది, కాబట్టి దరఖాస్తుకు ముందు కేవీఐసీ పోర్టల్‌లో తాజా పరిస్థితి చూసుకోండి.

కనీసం రూ.10 లక్షల వరకు చిన్న పరిశ్రమల రుణాలకు తాకట్టు అడగొద్దని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. బ్యాంకులో ఎవరైనా 'ఇంటి కాగితాలు తెండి' అంటే ఈ మాట గుర్తుచేయండి.

పీఎం విశ్వకర్మ గురించి చాలామంది అడుగుతుంటారు. అందులోని 18 వృత్తుల్లో సైకిల్ తయారీ లేదు. కమ్మరి వృత్తి ఉంది గానీ, టిగ్ మెషిన్ పెట్టుకుని కమ్మరినని రాయడం మంచిది కాదు.

ఉద్యమ్ ఎప్పుడు?

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో పది నిమిషాల పని, పూర్తిగా ఉచితం. నెట్ సెంటర్లలో వందలు, వేలు తీసుకుంటున్నారంటే అది వాళ్ల ఛార్జీయే, ప్రభుత్వానిది కాదు. అయితే అందులో వ్యాపారం మొదలైన తేదీ అడుగుతారు. పాత తేదీ వేసి నమోదు చేసుకుంటే పీఎంఈజీపీ దగ్గర మీరు పాత యూనిట్ అయిపోతారు. అందుకే రుణం మంజూరయ్యాకే ఆ పని పెట్టుకోవడం మేలు. ఎన్ఐసీ కోడ్ ఎంచుకునేటప్పుడు సైకిళ్ల తయారీకి చెందిన 3092 తరగతి చూడండి. రిపేర్ షాపు కోడ్ పెడితే సేవారంగం కింద లెక్కిస్తారు.

కరెంటు మీటర్ విషయంలోనూ ఇంతే. ఇంటి మీటర్ మీద టిగ్ మెషిన్ నడిపితే విజిలెన్స్ తనిఖీలో దొరికిపోతారు. పరిశ్రమల కేటగిరీ, అంటే ఎల్‌టీ-3 కోసం దరఖాస్తు చేయండి. కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో సైకిళ్ల అసెంబ్లింగ్ 'వైట్' జాబితాలో ఉంది. మీరే రంగు స్ప్రే చేయడం మొదలుపెడితే లెక్క మారుతుంది. పౌడర్ కోటింగ్ బయట చేయించుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

జీఎస్టీ ఎప్పటినుంచి కట్టాలి?

వస్తువులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి రూ.40 లక్షలు, తెలంగాణలో రూ.20 లక్షల టర్నోవర్ వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇది విని ధీమాగా ఉండేవాళ్లే ఇరుక్కుంటారు. ఆ పరిమితి సొంత రాష్ట్రంలో అమ్మితేనే. హిందూపురం నుంచి బెంగళూరుకు ఒక్క ఫ్రేమ్ పార్సిల్ చేసినా జీఎస్టీ నంబరు తప్పనిసరి. కాంపోజిషన్ పథకం కూడా పనికిరాదు, దానిలో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లు, వాటి విడిభాగాలపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొనేవాడికి శుభవార్తే. తయారుచేసేవాడికి మాత్రం చిన్న మెలిక ఉంది. ఉక్కు గొట్టాలు, ఆర్గాన్ గ్యాస్, ఫిల్లర్ రాడ్‌ల మీద మీరు కట్టేది 18 శాతం. ఉదాహరణకు రూ.30,000 ఫ్రేమ్‌పై మీరు వసూలు చేసే పన్ను రూ.1,500. అందులో వాడిన రూ.12,000 సరుకుపై ముందే కట్టింది రూ.2,160. ఒక్కో ఫ్రేమ్‌కు రూ.660 మీ ఖాతాలో చిక్కుకుపోతుంది. దీన్ని ఆర్‌ఎఫ్‌డీ-01 ఫారంతో వెనక్కి అడగొచ్చు, గడువు రెండేళ్లు. మెషిన్ కొన్నప్పుడు కట్టిన పన్ను మాత్రం ఈ రీఫండ్‌లోకి రాదు, అమ్మకాల పన్నులో సర్దుకోవాల్సిందే. ఆడిటర్ గుర్తుచేయకపోతే మీరే అడగండి.

ఫ్రేమ్ విరిగితే?

సైకిళ్ల భద్రతకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4210. రేసింగ్ ఫ్రేమ్ అయితే పెడల్ మీద 1,100 న్యూటన్ల బలంతో లక్ష సార్లు నొక్కినా పగుళ్లు రాకూడదు. దేశంలో సైకిళ్ల పరిశ్రమకు కేంద్రం లూధియానా. అక్కడి సైకిల్, కుట్టుమిషన్ల పరిశోధన కేంద్రంలో పరీక్షల సదుపాయం ఉంది. పరీక్షలో ఫ్రేమ్ పాడవుతుంది కాబట్టి, అమ్మడానికి ముందు ఒకటి రెండు ఫ్రేమ్‌లు దీనికే అని ప్రాజెక్టు రిపోర్టులో ఖర్చు రాసుకోండి. పూర్తి సైకిల్ అమ్మేవాళ్లకు రిఫ్లెక్టర్లపై 2020 నాటి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు కూడా ఉంది. ఆ వివరాలకు బీఐఎస్ శాఖా కార్యాలయంలో సంప్రదించాలి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువు వల్ల గాయమైతే తయారీదారు పరిహారం ఇవ్వాలి. వారంటీ ఇచ్చి, వస్తువు దానికి తగ్గట్టు లేకపోతే, నిర్లక్ష్యం లేదని నిరూపించుకున్నా తప్పించుకోలేరు. కాబట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో 'లైఫ్‌టైమ్ వారంటీ' అని పెట్టేముందు ఎన్నేళ్లు, ఎంత బరువున్న మనిషికి, ఏ రకం రోడ్ల మీద అన్నది బిల్లు మీదే రాసి ఇవ్వండి. ప్రతి ఫ్రేమ్‌కూ నంబరు కొట్టి, ఏ గొట్టం, ఏ తేదీన వెల్డింగ్ అన్నది ఒక పుస్తకంలో పెట్టుకోండి.