పెద్ద కుక్కను వేరేవాళ్లకు ఇస్తున్నారా? ‘ఫాంహౌస్‌కి పంపించాం’ అంటే సరిపోదు

నవాబుపేట: సిటీలో లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ పెంచుకున్నవాళ్లకు ఏదో ఒక రోజు ఇబ్బంది వస్తుంది. కిరాయి ఇల్లు మారాలి, గల్ఫ్‌కి పోవాలి, లేదా ఇంటి ఓనర్ ఒప్పుకోడు. అప్పుడు చాలామంది నోట వచ్చే మాట ఒకటే, ‘నవాబుపేట సైడ్ ఫాంహౌస్ ఉంది, అక్కడ వదిలేద్దాం’. వినడానికి బాగానే ఉంటుంది. కానీ శని, ఆదివారాలు తప్ప మనిషి కనపడని చోట గొలుసుకు కట్టేస్తే అది కొత్త ఇల్లు కాదు, వదిలించుకోవడమే.

చట్టం కూడా అదే చెప్తుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం, ఆకలిదప్పులతో అల్లాడే పరిస్థితిలో జంతువును వదిలేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం కూడా అదే సెక్షన్ కింద నేరమే. అయితే మొదటి తప్పుకు ఆ చట్టంలో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. చాయ్ ఖర్చు! ఇంక ఎవరు భయపడతారు?

కుక్క వల్ల మనుషులకు ప్రమాదం ఉంటే మాత్రం లెక్క వేరు. జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఆర్డర్ ఇవ్వడానికి పోయిన డెలివరీ కుర్రాడు, జర్మన్ షెపర్డ్ మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. పోలీసులు కుక్క యజమాని మీద కేసు పెట్టారు. అందుకే ఇచ్చేటప్పుడు కుక్క గుణం దాచొద్దు. ఎవరినైనా కరిచిందా, చిన్నపిల్లలతో ఎట్లుంటది, గిన్నె దగ్గరికి పోతే గుర్రుమంటదా, అన్నీ చెప్పాలి. చెప్తే ఎవరూ తీసుకోరని భయపడి దాస్తే, రేపు గాయపడేది పక్కింటి పిల్లలు.

పల్లెకు ఇచ్చేటప్పుడు ఇంకో సంగతి ఉంది. అపార్ట్‌మెంట్‌లో పెరిగిన కుక్క మేకను, కోడిని ఎన్నడూ చూసి ఉండదు. వెంటపడి ఒక్క మేకను చంపినా ఆ రైతుకు నష్టం, ఊళ్లో పంచాయితీ, చివరికి కుక్కకు కర్ర దెబ్బలు. ముందే ఒకటి రెండుసార్లు బెల్టుతో తీసుకెళ్లి ఎట్లా ఉంటుందో చూడాలి. గోడ ఎంత ఎత్తు ఉందో కూడా చూడండి. నడుము ఎత్తు గోడను జర్మన్ షెపర్డ్ సులువుగా దూకేస్తుంది. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటి చలి దేశపు జాతులకు మే నెలలో రేకుల షెడ్డు కింద ప్రాణం మీదికి వస్తుంది.

‘ఫ్రీగా ఇస్తాం’ అని వాట్సాప్‌లో పెడితే ముందు ఫోన్ చేసేది పిల్లలు పెట్టించి అమ్ముకునేవాళ్లు కావొచ్చు. కాబట్టి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాకే ఇవ్వడం మంచిది. రేబిస్ టీకా కార్డు ఉండాలి. లేకపోతే మండల పశువుల దవాఖానాలో అడగండి. జులై 6న జూనోసిస్ దినం సందర్భంగా సర్కారు దవాఖానాల్లో పెంపుడు కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు.

రాట్‌వీలర్, పిట్‌బుల్ ఉన్నవాళ్లలో కొందరికి ఇంకా ఒక భయం ఉంది. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల మీద నిషేధం పెట్టమని రాష్ట్రాలకు లేఖ రాసిన మాట నిజం. కానీ ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు, తర్వాత ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేశాయి. ఆ లేఖకు భయపడి రోడ్డు మీద వదలొద్దు.

తెలిసినవాళ్లలో ఎవరూ దొరక్కపోతే 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలను దత్తత గురించి అడగొచ్చు. షెల్టర్‌లో వదిలేయడం మాత్రం ఆఖరి దారి. పెద్ద వయసు కుక్కకు బోనులో రోజులు గడవడం కష్టం.

ఇచ్చిన రోజు పాత దుప్పటి, తినే గిన్నె, వారానికి సరిపడా అలవాటైన తిండి కూడా పంపండి. ఒక్కసారిగా తిండి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. మొదటి మూడు రోజులు బిక్కుబిక్కుమంటుంది, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, పూర్తిగా కుదురుకోవడానికి మూడు నెలలు పట్టొచ్చు. ఆ మూడు నెలల్లో కుదరకపోతే తిరిగి తెచ్చి మీకే ఇవ్వాలని, ఇంకొకరికి ఇవ్వొద్దని కాగితం మీద రాయించుకోండి. ఫోన్ నంబరు మార్చకండి.