తార్నాకలో తేలిన ఇంగ్లిష్ సందేహాలు

హైదరాబాద్‌లో ఉప్పల్, నాచారం వైపు స్పోకెన్ ఇంగ్లిష్ తరగతులకు వెళ్లేవాళ్లను, పిల్లల హోంవర్క్ చూసే అమ్మలను కదిపితే అవే సందేహాలు. ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ రావాలా? ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ ఎందుకు తప్పు? ‘ఇట్స్’ మీద ఆ చిన్న గుర్తు ఎప్పుడు పెట్టాలి? ఇలాంటి ప్రశ్నలను పరిశోధనగా చేపట్టిన సంస్థ దగ్గర్లోనే, తార్నాకలో ఉంది. ఇవాళ దాన్ని ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) అంటున్నాం. 1958లో పుట్టినప్పుడు దాని పేరు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్.

అది వెలిసిన చోటుకే ఒక చరిత్ర ఉంది. పక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఇంగ్లిష్ అక్కడ తప్పనిసరి పాఠం మాత్రమే. 1948 తర్వాత అదే బోధనా భాషగా మారింది. మరో పదేళ్లకు, దేశంలోని ఇంగ్లిష్ టీచర్లకు శిక్షణనిచ్చే కేంద్రం ఇక్కడికి వచ్చింది. తొలి రోజుల్లో దాన్ని నడిపిన వి.కె. గోకాక్ కన్నడ కవి. బడుల్లో కన్నడానికి అగ్రస్థానం ఇవ్వాలని 1981లో కర్ణాటక ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది ఆయన కమిటీయే. ఇంగ్లిష్‌ను బాగా నేర్పడం, తల్లిభాషను నిలబెట్టుకోవడం రెండూ ఒకే మనిషి పనులు కాగలవని ఆయన జీవితమే చెబుతోంది. 1972లో సంస్థ పేరులో విదేశీ భాషలూ చేరాయి. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది.

1969లో ఇక్కడ వెలువడిన ఆర్.కె. బన్సల్ అధ్యయనం మన ఇంగ్లిష్ బయటివారికి ఎక్కడ అర్థం కావడం లేదో వెతికింది. మాటలో ఊనిక తప్పుచోట పడటం ముఖ్య కారణాల్లో ఒకటని తేల్చింది. 1979లో పారూ నిహలానీ, రే టంగ్, ప్రియా హోసలి కలిసి భారతీయ, బ్రిటిష్ వాడుకలను పక్కపక్కన పెట్టి ఒక కరదీపిక తెచ్చారు. నాకు విలువైనదిగా తోచేది ఈ దారే: తప్పును తిట్టడం కాదు, దాని పుట్టుక కనుక్కోవడం.

పుట్టుక చాలాసార్లు మన తెలుగులోనే దొరుకుతుంది. ‘దాని గురించి చర్చించాం’ అంటాం గనుక ‘అబౌట్’ వచ్చి చేరుతుంది. ఇంగ్లిష్‌లో ‘డిస్కస్’కు కర్మ నేరుగా తగులుతుంది. ‘నాకు ఇద్దరు అన్నలున్నారు’ అనే మనకు ‘హావ్’ లాంటి క్రియ లేదు. పైగా ఉండటం అనే స్థితికి ఇంగ్లిష్ ‘ఇంగ్’ చేర్చదు. మన ‘కదా’ ఏ వాక్యానికైనా అతుకుతుంది, అందుకే ‘ఇజింటిట్’ను అన్నిచోట్లా వాడేస్తాం. ‘వచ్చి, తిని, పడుకున్నాడు’ అని అసమాపక క్రియలతో నడిచే అలవాటు కొద్దీ రెండు పూర్తి ఇంగ్లిష్ వాక్యాల మధ్య కూడా కామాయే పెడతాం. అక్కడ ఫుల్‌స్టాపో, ‘అండ్’ లాంటి మాటో కావాలి. ఇక ‘ఇట్స్’ సంగతి: ‘ఇట్ ఈజ్’కో ‘ఇట్ హాజ్’కో కుదింపు అయితేనే గుర్తు. సొంతం చెప్పేటప్పుడు ‘హిజ్’కు లేనట్టే దానికీ లేదు.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మాధ్యమం వచ్చింది. ఇంట్లో ఇంగ్లిష్ వినని పిల్లలే అక్కడ ఎక్కువ. ఉపాధ్యాయులకు ఒక్క మనవి. వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టేసే ముందు దాన్నే తెలుగులో ఒకసారి చెప్పించండి. తప్పు ఎక్కడినుంచి వచ్చిందో పిల్లలకే తెలుస్తుంది.