పరీక్షల కోసం ఉత్తేజక మందులు

ఏకాగ్రత కుదరకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం లక్షణాలుగా ఉండే ఏడీహెచ్‌డీకి డాక్టర్లు కొన్ని ఉత్తేజక మందులు రాస్తారు. ఆ రుగ్మత లేని విద్యార్థులు పరీక్షల ముందు వాటిని వేసుకోవడం అమెరికా కాలేజీల్లో పాత సంగతే. అక్కడ ఎక్కువగా చేతులు మారేవి యాంఫెటమిన్ లవణాల మిశ్రమమైన ఆడెరాల్, మిథైల్‌ఫెనిడేట్ అనే మందుకు వ్యాపార నామమైన రిటాలిన్. పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కొలెప్సీకి ఇచ్చే మొడాఫినిల్‌నూ కొందరు వాడతారు. విద్యార్థులు వీటిని ‘స్టడీ డ్రగ్స్’, ‘స్మార్ట్ డ్రగ్స్’ అంటారు. రెండో పేరుకు తగ్గ రుజువు ఇంతవరకూ దొరకలేదు.

చరిత్ర

యాంఫెటమిన్‌ను 1887లో బెర్లిన్‌లో రొమేనియా రసాయన శాస్త్రవేత్త లజార్ ఎడెలియాను తయారుచేశాడు. దాని ఉపయోగం ఎవరికీ తట్టక నలభై ఏళ్లు మూలనపడింది. 1930లలో స్మిత్, క్లైన్ అండ్ ఫ్రెంచ్ అనే అమెరికన్ కంపెనీ దాన్ని బెంజెడ్రిన్ పేరుతో, ముక్కుదిబ్బడకు పీల్చే మందుగా అమ్మింది. ఆ తర్వాత మాత్రలూ వచ్చాయి.

రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పిల్లల మానసిక చికిత్సాలయం నడిపిన చార్లెస్ బ్రాడ్లీ 1937లో ఒక ఫలితం ప్రకటించాడు. ఆ రోజుల్లో మెదడు ఎక్స్‌రే తీయాలంటే ముందు వెన్నులోంచి ద్రవం తీయాల్సి వచ్చేది. ఆ తర్వాత పిల్లలు తలనొప్పితో విలవిల్లాడేవారు. దానికి విరుగుడుగా ఆయన బెంజెడ్రిన్ ఇచ్చి చూశాడు. తలనొప్పి పెద్దగా తగ్గలేదు గానీ, మందు తీసుకున్న 30 మందిలో దాదాపు సగం మంది ఉన్నట్టుండి చదువులో పుంజుకున్నారు. పిల్లలే దానికి ‘లెక్కల మాత్ర’ అని పేరు పెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ప్రయోగాల్లో ఇదే మందు వాడారు. నిద్ర రాకుండా చేస్తుందన్న సంగతి విద్యార్థులకు తెలిసిపోయి, పరీక్షల ముందు మందుల షాపుల్లో కొనుక్కోవడం మొదలైంది. 1937లోనే అమెరికన్ వైద్య పత్రిక దీనిమీద హెచ్చరిక రాసింది. అంటే చికిత్సా, దుర్వినియోగమూ ఒకే ఏడాది వెలుగులోకి వచ్చాయి.

మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో స్విట్జర్లాండ్ కంపెనీ సీబాలో లియాండ్రో పానిజ్జోన్ రూపొందించాడు. టెన్నిస్ ఆడే ముందు అది వేసుకునే తన భార్య రీటా పేరు మీదుగా దానికి రిటాలిన్ అని పేరు పెట్టాడు. ఆడెరాల్ 1996లో ఏడీహెచ్‌డీ మందుగా అమెరికా మార్కెట్లోకి వచ్చింది.

ఎలా పనిచేస్తాయి

మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే డోపమైన్, నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాలను కణం వాడుకున్నాక తిరిగి లోపలికి లాక్కుంటుంది. మిథైల్‌ఫెనిడేట్ ఈ తిరుగుదారిని మూసేస్తుంది. యాంఫెటమిన్ అంతటితో ఆగక, కణంలో ఉన్న నిల్వను కూడా బయటికి తోస్తుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో చాలామందికి దీనివల్ల మనసు పనిమీద నిలుస్తుంది. అది చికిత్సే, దానికి దొడ్డిదారి అన్న ముద్ర వేయడం అన్యాయం. ఈ రసాయనాలు తక్కువైనా, మరీ ఎక్కువైనా ఆలోచన దెబ్బతింటుంది. అందుకే ముందునుంచే సరిపడా ఉన్నవారికి మందు వల్ల ఒరిగేది తక్కువ.

మార్కులు పెరుగుతాయా

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో ప్రకటించిన ప్రయోగం ఈ ప్రశ్నకు బాగా దగ్గరగా వెళ్లింది. ఆరోగ్యంగా ఉన్న 40 మందికి ఒక సంచీ లెక్క ఇచ్చారు. సంచీలో ఇంత బరువే పట్టాలి, వస్తువులకు వేర్వేరు బరువులూ విలువలూ ఉంటాయి, మొత్తం విలువ వీలైనంత ఎక్కువ రావాలి. ఒక్కొక్కరూ వేర్వేరు రోజుల్లో మిథైల్‌ఫెనిడేట్, డెక్స్‌యాంఫెటమిన్, మొడాఫినిల్, ఉత్తుత్తి మాత్ర వేసుకుని ఈ లెక్కలు చేశారు. మందు పడిన రోజు ఎక్కువసేపు కూర్చున్నారు, వస్తువుల్ని తెగ మార్చిమార్చి పెట్టారు. కానీ ఆ కదలికల్లో పద్ధతి లోపించింది, జవాబుల నాణ్యత తగ్గింది. ఉత్తుత్తి మాత్రతో సగటుకన్నా బాగా చేసినవారిలో చాలామంది మందుతో సగటుకన్నా దిగజారారు.

పోటీ పరీక్ష కూడా ఒక సంచీ లెక్కే. వైద్య కోర్సుల ప్రవేశ పరీక్ష నీట్‌లో 180 నిమిషాలకు 180 ప్రశ్నలు. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఏ ప్రశ్న పట్టుకోవాలి, ఏది వదిలేసి ముందుకు పోవాలి అన్నదే అక్కడ ర్యాంకును తేలుస్తుంది. శ్రమించే ఊపునిచ్చి ఎంపికను చెడగొట్టే మందు అక్కడ మేలు చేస్తుందనుకోవడం కష్టం.

మరి వాడినవారు ‘పనిచేసింది’ అని ఎందుకంటారు? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 2013లో ప్రకటించిన అధ్యయనంలో 46 మందికి ఆడెరాల్ ఇచ్చి రకరకాల మానసిక పరీక్షలు పెడితే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయినా మందు వేసుకున్న రోజు తాము మెరుగ్గా చేశామనే వారు నమ్మారు.

ఈ మందుల్ని వెనకేసుకొచ్చేవారు గణితవేత్త పాల్ ఎర్డోష్ పేరు ఎత్తుతుంటారు. 1979లో మిత్రుడు రాన్ గ్రాహం 500 డాలర్ల పందెం కాస్తే ఆయన నెలరోజులు యాంఫెటమిన్ మానేసి గెలిచాడు. నీవల్ల గణితం ఒక నెల వెనకబడిందని మిత్రుణ్ని నిష్ఠూరమాడాడు కూడా. కథ బాగుంది గానీ, ఒక మేధావి అలవాటు ఇంకొకరికి కొలబద్ద కాదు.

నిద్ర, ఆరోగ్యం

హాస్టల్లో నైటౌట్ కొట్టేవారికి ఇక్కడొక లెక్క అవసరం. యాంఫెటమిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు పది గంటలు పడుతుంది, మొడాఫినిల్‌కు పన్నెండు నుంచి పదిహేను గంటలు. రాత్రి తొమ్మిదికి మొడాఫినిల్ వేసుకుంటే తెల్లారి హాల్‌టికెట్ చూపించి లోపలికి వెళ్లేటప్పటికి కూడా సగం పైగా ఒంట్లోనే ఉంటుంది. చదివింది జ్ఞాపకంలో స్థిరపడేది నిద్రలో. ఆ నిద్రే పోతుంది.

గుండెదడ, రక్తపోటు పెరగడం, ఆకలి చచ్చిపోవడం, ఆందోళన మామూలుగా కనబడేవి. అరుదుగా లేనిపోని అనుమానాలు, భ్రమలు కలిగే స్థితి వస్తుంది. గుండెజబ్బు ఉండి బయటపడనివారికి ప్రమాదం ఎక్కువ. యాంఫెటమిన్, మిథైల్‌ఫెనిడేట్ వ్యసనంగా మారగలవని అమెరికాలో వాటి సమాచార పత్రంపై గడిలో హెచ్చరిక ముద్రిస్తారు.

చేతులు మారిన మాత్రలో ఏముందో చెప్పలేకపోవడం ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. 2022 మేలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇద్దరు చనిపోయినప్పుడు, ప్రాణాంతకమైన మత్తుమందు ఫెంటనిల్ కలిసిన నకిలీ ఆడెరాల్ తిరుగుతోందని అక్కడి అధికారులు హెచ్చరించారు. 2023 ఏప్రిల్‌లో దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో, కోచింగ్ సెంటర్లు కిక్కిరిసిన డేచీ ప్రాంతంలో, ఏకాగ్రత పెంచే పానీయమంటూ మెథాంఫెటమిన్ కలిపిన సీసాలు విద్యార్థులకు పంచారు. ఆ తర్వాత అదే ముఠా తల్లిదండ్రులకు ఫోన్ చేసి డబ్బు గుంజాలని చూసింది.

చట్టం

భారత్‌లో ఆడెరాల్ అమ్మకానికి లేదు. మిథైల్‌ఫెనిడేట్ దొరుకుతుంది గానీ అది షెడ్యూల్ ఎక్స్ మందు. డాక్టరు రెండు ప్రతులుగా రాసివ్వాలి, ఒక ప్రతిని షాపువాళ్లు రెండేళ్లు భద్రపరచాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకీ వస్తుంది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం 2011లో, చదువు కోసం డాక్టరు చీటీ లేకుండా ఈ మందులు వాడటాన్ని కాపీ కొట్టడంతో సమానంగా తన నియమాల్లో చేర్చింది.

అమెరికాలో చదివే తెలుగు విద్యార్థులకు ఇంకో ముప్పు ఉంది. రూమ్మేట్ ఇచ్చిన ఒక్క ఆడెరాల్ మాత్ర దగ్గరున్నా అక్కడ నేరమే. ఆ నేరం కోర్టులో రుజువైతే వీసా మీద ఉన్నవారిని దేశం నుంచి పంపించేయడానికి వలస చట్టం వీలు కల్పిస్తుంది.