తాళం వేసిన తలుపు

గీతా గాండ్‌భీర్ తీసిన ‘ది పర్ఫెక్ట్ నైబర్’ దాదాపు మొత్తం పోలీసుల బాడీ కెమెరాల ఫుటేజీయే. ఫ్లోరిడాలోని ఒకాలాలో, పక్కన పిల్లలు ఆడుకుంటున్నారని మాటిమాటికీ పోలీసుల్ని పిలిచే ఒక తెల్లావిడ, 2023 జూన్ 2న, నిలదీయడానికొచ్చిన నల్లజాతి తల్లిని తాళం వేసిన తలుపులోంచే కాల్చేసింది. అరెస్టుకి నాలుగు రోజులు పట్టింది. 2005 నాటి ‘స్టాండ్ యువర్ గ్రౌండ్’ చట్టం వర్తిస్తుందేమో ముందు తేల్చుకోవాలన్నాడు షెరీఫ్. ఇంట్లో ఉన్నవాడు వెనక్కి తగ్గనక్కర్లేదన్నది పాత ఇంగ్లీషు న్యాయమే. వీధిలో మాత్రం వీలైతే తప్పుకోవాలి. ఫ్లోరిడా ఆ రెండో ముక్క ఎత్తేసింది. జ్యూరీ ఆత్మరక్షణ వాదన ఒప్పుకోలేదు, 25 ఏళ్ళ శిక్ష పడింది. నాకు మింగుడుపడనిది అంతకుముందు భాగం: పోలీసులు రావడం, పిల్లలతో సరదాగా మాట్లాడ్డం, ఆవిడకి సర్దిచెప్పడం, కారెక్కి వెళ్ళిపోవడం.