ఓటడుగుతున్న అభ్యర్థి అఫిడవిట్‌లో ఏముంది?

లోక్‌సభ ఎన్నికలు రాగానే ప్రతి పార్టీ దళితవాడకొస్తుంది. అంబేద్కర్ విగ్రహానికి దండ వేస్తుంది. ఆ దండ వేసిన మనిషి మీద ఏ కేసులున్నాయో చెప్పే కాగితం ఒకటుంది. దాని పేరు ఫారం 26.

ఎక్కడ దొరుకుతుంది?

నామినేషన్‌తోపాటు ప్రతి అభ్యర్థీ ఈ అఫిడవిట్ ఇవ్వాలి. అభ్యర్థి వివరాలు తెలుసుకోవడం ఓటరు హక్కని సుప్రీంకోర్టు 2002, 2003లలో ఇచ్చిన తీర్పుల ఫలితమిది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనూ, 'నో యువర్ క్యాండిడేట్' యాప్‌లోనూ ఎవరైనా చూడొచ్చు. ఆస్తులు, అప్పులు, ఆదాయం, చదువు, కేసులు అందులో ఉంటాయి. తప్పుడు వివరాలిస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ముందుగా కేసుల పట్టిక

కేసుల సంఖ్య చూసి ఆగిపోకండి. సెక్షన్లు చదవండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 అక్కడ కనిపిస్తుందా? ఎఫ్‌ఐఆర్ దశలోనే ఉందా, కోర్టు అభియోగాలు నమోదు చేసిందా? కేసు ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. ధర్నా చేసినందుకు పెట్టిన కేసూ, దళితులపై దాడి కేసూ ఒకటి కావు.

కేసులున్నవారిని ఎందుకు ఎంపిక చేశారో పార్టీలు కారణం ప్రకటించాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. 'గెలుస్తాడు కాబట్టి' అన్నది ఒక్కటే కారణంగా చెల్లదు. ఆ ప్రకటన పార్టీ వెబ్‌సైట్‌లో వెతకండి.

రిజర్వుడు స్థానాల్లో

543 లోక్‌సభ స్థానాల్లో 84 ఎస్సీలకు, 47 ఎస్టీలకు రిజర్వు అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు. తెలంగాణలో పెద్దపల్లి, వరంగల్, నాగర్‌కర్నూల్ ఎస్సీ స్థానాలు. 1932 పూనా ఒప్పందం నుంచి వచ్చిన ఉమ్మడి నియోజకవర్గ పద్ధతిలో ఇక్కడ అన్ని కులాలవారూ ఓటేస్తారు. టికెట్ పార్టీ అధిష్ఠానం చేతిలో ఉంటుంది. అందుకే కుల ధ్రువపత్రం పోటీకి అర్హత మాత్రమే. దళితుల పక్షాన నిలబడతారన్న హామీ అందులో లేదు. సిట్టింగ్ ఎంపీ అయితే ఏ ప్రశ్నలడిగారో, ఏ చర్చల్లో మాట్లాడారో లోక్‌సభ వెబ్‌సైట్‌లో చూడండి.

పార్టీని అడగాల్సినవి

ఎస్సీ ఉపప్రణాళికకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో చట్టం చేసింది. కేంద్రంలో అలాంటి చట్టం లేదు. తెస్తారా? ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లపై, దళిత క్రైస్తవుల ఎస్సీ హోదాపై మీ మాటేమిటి? పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ సకాలంలో ఇస్తారా? జవాబులు మేనిఫెస్టోలో రాతపూర్వకంగా ఉన్నాయా?

బెదిరిస్తే

ఫలానావారికే ఓటేయాలని, లేదా వేయొద్దని దళితులను, ఆదివాసులను ఇతరులు బలవంతపెట్టినా, బెదిరించినా అది 1989 చట్టం సెక్షన్ 3(1)(ఎల్) కింద నేరం. నామినేషన్ వేయకుండా అడ్డుకున్నా అంతే. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు, జరిమానా. పోలింగుకు ముందే ఈ సెక్షన్ వాడలో ప్రతి ఒక్కరికీ తెలియాలి.