గోపురంపై రావి, ప్రాంగణంలో వేప



జీర్ణోద్ధరణ అనగానే గోపురం, ధ్వజస్తంభం, కలశాలు మన తలపునకు వస్తాయి. ఆలయ వృక్షాలు అంత త్వరగా స్ఫురించవు. కాని నందికొట్కూరుకు సమీపాన, సప్తనదీ సంగమమైన సంగమేశ్వరంలో పరమశివుడు వేపదారు లింగరూపంలోనే పూజలందుకొంటున్నాడు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. 1980ల ఆరంభంలో శ్రీశైలం జలాశయం ఏర్పడిన నాటి నుండి ఆ ఆలయం ఏటా నెలల తరబడి నీట మునిగి, నీరు తగ్గిన వేసవిలో భక్తులకు దర్శనమిస్తున్నది.

చెట్టును పూజించిన మన పూర్వులు దానిని శాస్త్రదృష్టితోనూ చూశారు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. తోటలలో, ఇళ్ల వద్ద మొదట నాటదగిన శుభవృక్షాలలో వేపను పేర్కొన్నాడు. చెట్టుకూ చెట్టుకూ నడుమ 20 మూరల ఎడం ఉత్తమం, 16 మధ్యమం, 12 కనిష్ఠమని నిర్ణయించాడు. అంటే సుమారు 30, 24, 18 అడుగులు. దగ్గరగా నాటితే వేళ్లు పెనవేసుకొని చెట్లు సరిగా ఫలించవని కారణం కూడా వివరించాడు. నేలలోని నీటికై వేళ్లు పోటీపడతాయని నేటి వృక్షశాస్త్రం చెప్పేదీ ఇదే. వానలు తక్కువైన మన సీమలో ఈ మాట మరింత పాటించదగినది.

చోటు తప్పితే పూజ్యవృక్షమే ఆలయానికి చేటు తెస్తుంది. పక్షులు రావిపండ్లు తిని గింజలను గోపురపు సందులలో విడుస్తాయి. గారలో కాస్త తేమ దొరికితే చాలు, మొలక నిలదొక్కుకొంటుంది. వేరు లావెక్కేకొద్దీ రాళ్లు ఎడమవుతాయి. పైకొమ్మ నరికితే లోపలి వేరు మరల చిగురిస్తుంది. కనుక ఏటా వానలు వెనుకబడగానే గోపురం పరిశీలించి, లేత మొక్కలను వేళ్లతో సహా తీయించాలి. ముదిరిన వేళ్లను బలంగా లాగితే రాళ్లే కదులుతాయి. ఆ పని నిపుణులకు అప్పగించాలి.

నేలపై నున్న చెట్టుకు మన భక్తియే భారం కారాదు. కాండం దాకా సిమెంటు పరిస్తే వేళ్లకు గాలి, నీరు అందవు. ఆకులు వండిన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకు దిగుతుంది. బిగించిన తీగ, మొదట్లో వెలిగించిన దీపపు సెగ ఆ పొరను చంపుతాయి. దీపాలు దూరంగా వెలిగించండి. మొదలు చుట్టూ మట్టిని విడిచిపెట్టండి.

2021 ప్రాంతంలో ఆంధ్ర, తెలంగాణలలో వేపచెట్ల కొమ్మలు చివళ్ల నుండి ఎండిపోవడం మీరు చూచియే ఉంటారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రాన్ని శాస్త్రజ్ఞులు కారణంగా గుర్తించారు. పెక్కు చెట్లు తిరిగి చిగురించాయి. తోట అంతా ఒకే జాతియైతే ఒక్క తెగులే దానిని మోడు చేయగలదు. అందుచేత వేపకు తోడుగా మారేడు, జమ్మి, ఉసిరి, పొగడ నాటుదాం.

దాతలారా! మీరు సమర్పించిన ధనంతో నిలిచిన గోపురాన్ని ఒక్క రావిగింజ చీల్చగలదు. ఏటేటా చేసే చిన్న శ్రద్ధ దానిని కాపాడగలదు. కుంభాభిషేకం పుష్కరానికొకసారి వచ్చినా వృక్షసేవ నిత్యకైంకర్యం కావాలి. స్వస్తి.