చిన్న స్నానాలగదికి కొత్త రూపు: ముందు నీటి సంగతి, తర్వాతే టైల్స్

ఢిల్లీలోని డీడీఏ ఫ్లాట్లు, ముంబయిలోని మ్హాడా భవనాలు, హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ వంటి చోట్ల, మూడు నాలుగు దశాబ్దాల కిందట కట్టిన ఇళ్లలో స్నానాలగదులు దాదాపు ఒకే మూసలో కనిపిస్తాయి. మొజాయిక్ లేదా నాపరాతి నేల, గోడకు సగం ఎత్తు వరకు తెల్లటి టైల్స్, అడుగుభాగం నాని ఉబ్బిన చెక్క తలుపు. స్నానాలగది, మరుగుదొడ్డి కలిసి ఉంటే కనీస వైశాల్యం 2.8 చదరపు మీటర్లు, అంటే సుమారు 30 చదరపు అడుగులు ఉండాలన్నది జాతీయ భవన నిర్మాణ నియమావళి లెక్క. పాత గదులు అంతకు మించి పెద్దవేమీ కావు. గోడలు జరిపే వీలుండదు కనుక ఉన్న చోటునే తీర్చిదిద్దుకోవాలి.

చేతిలోని సొమ్మంతా కంటికి కనిపించే టైల్స్ మీదే పెట్టడం ఎక్కువమంది చేసే పొరపాటు. మొదట తేల్చుకోవలసింది నీరు ఎక్కడికి పోతున్నదన్నదే. తూమును గట్టిగా మూసి, నేలపై అంగుళం ఎత్తున నీరు నిలిపి, గోడపై గీత గీసి ఒక రోజంతా వదిలేయాలి. ముప్పై చదరపు అడుగుల గదికి సుమారు 70 లీటర్లు సరిపోతాయి. నీటిమట్టం బాగా తగ్గినా, కింది ఇంటి పైకప్పుపై చెమ్మ కనిపించినా వాటర్‌ప్రూఫింగ్ చేయించక తప్పదు. దాన్ని వాయిదా వేసి పైన ఎంత ఖరీదైన టైల్స్ పరిచినా, కొంతకాలానికి వాటినే పగలగొట్టవలసి వస్తుంది. కింది ఇంటివారితో తగవు అదనం.

పాత జీఐ పైపులు లోపల తుప్పు పట్టి పూడుకుపోతాయి. ఉదయం కుళాయి విప్పగానే ఎర్రటి నీరు వస్తే అదే సూచన. వాటి స్థానంలో సీపీవీసీ పైపులను గోడ తవ్వకుండా క్లాంపులతో పైనుంచే బిగించవచ్చు. చూడడానికి అంత సొగసుగా ఉండదు గానీ కూలి ఖర్చు బాగా తగ్గుతుంది, మరమ్మతూ తేలిక.

లీకేజీ లేదని తేలితే పాత టైల్స్‌ను పెకలించనవసరం లేదు. చెక్కపిడితో తట్టి చూసి, డొల్లగా మోగిన వాటిని మాత్రం తీసి సరిచేసి, వాటిపైనే కొత్తవి అతికించవచ్చు. నున్నటి టైల్‌ను ఉత్త సిమెంటు పట్టుకోదు. ఇందుకు పాలిమర్ కలిసిన టైల్ అడ్హెసివ్ వాడాలి. నేల అర అంగుళం వరకు లేస్తుంది కనుక తలుపు అడుగును కోయడం, తూము జాలీని పైకి లేపడం మరవకూడదు. ప్రతి నాలుగు అడుగులకు అంగుళం వాలు ఉంటే నీరు నిలవదు. నేలకు గరుకైన చిన్న టైల్స్ మేలు. మెరిసేవి గోడకే పరిమితం కావాలి. గోడ టైల్స్ గట్టిగానే ఉంటే సందుల్లోని పాత సిమెంటు గీకి కొత్త గ్రౌట్ నింపి, పైగోడకు బూజు పట్టని రంగు వేస్తే చాలు. అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ మార్పు కనిపించేది ఈ పనిలోనే.

వృద్ధులున్న ఇంట్లో తలుపు బయటికి తెరుచుకునేలా మార్చడం అలంకరణ కన్నా ముఖ్యం. లోపల పడిపోయిన మనిషి అడ్డుగా ఉంటే, లోపలికి తెరుచుకునే తలుపును తోయడం సాధ్యపడదు. చిన్న గదిలో కొంత చోటు కూడా కలిసివస్తుంది. పట్టుకుని లేవడానికి వేసే కడ్డీని యాంకర్ బోల్టులతో గోడలోకి బిగించాలి. తువ్వాలు ఆరవేసే కడ్డీ మనిషి బరువును ఆపలేదు.

గ్యాస్ గీజరును గాలి ఆడని చిన్న గదిలో అమర్చడం ప్రాణాంతకం. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. పరికరాన్ని గది బయట, గాలి ధారాళంగా ఆడే చోట పెట్టించాలి. విద్యుత్ గీజరుకు ఎర్తింగ్‌తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, స్విచ్ గది బయట ఉండాలి.

ఇంట్లో ఒకటే స్నానాలగది ఉంటే, కొత్త టైల్స్, గ్రౌట్ ఆరి గట్టిపడే రెండు మూడు రోజులకు పొరుగింటివారిని ముందుగానే అడిగి ఉంచుకోవాలి.